కత్తి తియ్యని ఒప్పందం

మా ఊరికి ఎంపీగారు వస్తే అందరూ పడవలు కట్టుకునే జెట్టీ అడిగారు. నాకు మాత్రం పొద్దున పేపర్లో చదివిన శాంతి ఒప్పందం మీద మంటగా ఉంది. ఎక్కడో రెండు దేశాలు కొట్టుకుంటే, పెద్ద దేశమొకటి మధ్యన గీత గీసి నేల పంచేసిందట.

“మా కాడ రెండు పడవల వలలు సిక్కుపడితే కత్తి తియ్యకూడదు బాబూ. రెండు పడవలోళ్లూ ఒడ్డున కూకొని, తిట్టుకుంటూనైనా ఇప్పుకోవాల. గీత గియ్యడమంటే కత్తెట్టి కొయ్యడమే. అది శాంతి కాదని ఢిల్లీలో సెప్పండి,” అన్నాను.

ఆయన శ్రద్ధగా తల ఊపారు. ఇంతలో మా అక్క మొగుడు వెనకనుంచి నా భుజం మీద చెయ్యేశాడు.

“ఒరే బామ్మర్దీ, మరి ఆ యేడు మన వలలు సిక్కుపడితే నా వల కోసినోడెవడ్రా?”

జనం గొల్లుమన్నారు. ఎంపీగారు నా వైపు చూశారు.

“నేనే బాబూ. మూడేళ్లు మా అక్క గుమ్మం తొక్కలేదు. అందుకే సెప్తన్నాను.”