షంటింగ్‌కి నాలుగు నాడాలు

ఆ రోజుల్లో మా జంషెడ్‌పూర్ తెలుగు పిల్లలందరం ఒక చెవితో తెలుగు విని, నోటితో హిందీ మాట్లాడేవాళ్ళం. అమ్మ "అన్నం తిన్నావేటే?" అని అడిగేది, నేను "ఖా లియా" అనేదాన్ని. ఆవిడకీ అర్థమయ్యేది, నాకూ అర్థమయ్యేది, ఇంక ఇబ్బందేముంది? వీధిలో హిందీ, వంటింట్లో తెలుగు, మధ్యలో గడప. ఒకే మాట గడపకి రెండువైపులా ఉండి, అటొక అర్థం ఇటొక అర్థం చెప్తే ఏమవుతుందని మాత్రం మాలో ఎవరూ ఆలోచించలేదు. నేనసలే ఆలోచించలేదు. (ఆలోచించడం అప్పట్లో నా పద్ధతి కాదు. డిగ్రీ చేతికొచ్చింది కాబట్టి ఇంక ఆ అవసరం లేదనుకునేదాన్ని.) ఆ కారణంగా ఒక గుర్రం ఇటుకల బట్టీ పాలు కాబోయింది.

గుర్రం మా మావయ్యది. అమ్మకి స్వయానా తమ్ముడు. టాటానగర్ యార్డులో బతుకంతా షంటింగ్ పని చేసి రిటైరయ్యాడు. రిటైరైన మగవాళ్ళు మామూలుగా పెరట్లో బీరపాదు వేసుకుంటారు, లేకపోతే టీకొట్టు దగ్గర కూర్చుని ప్రభుత్వాలు పడగొడతారు. మా మావయ్య గుర్రాన్ని కొన్నాడు. పెళ్ళి బ్యాండు మూసేస్తున్న ఒకాయన దగ్గర తెల్లటి ఆడగుర్రం దొరికింది. మా ఊళ్ళో పెళ్ళికొడుకు అలాంటి గుర్రమెక్కి రాకపోతే పెళ్ళివారికి ముద్ద దిగదు, కాబట్టి దానికి పనికి లోటుండదని ఆయన లెక్క. బ్యాండు మోగగానే అది రెండడుగులు ముందుకేసి, రెండడుగులు వెనక్కేసేది. యార్డులో ఇంజన్లు చేసే పనీ అదే కాబట్టి దానికి షంటింగ్ అని పేరు పెట్టి, బర్మామైన్స్‌లో తన ఇంటి వెనక రేకుల షెడ్డులో కట్టేశాడు. కాసిడీహ్‌లో మా ఇంట్లో ఉద్యోగం లేకుండా టీవీ చూస్తూ కూర్చున్న నన్ను పిలిచి మేనేజరుని చేశాడు. ఫోనెత్తి "గుర్రం తెల్లదేనా?" అని అడిగేవాళ్ళకి "దూధ్ జైసీ", పాలలాంటిదే అని చెప్పడం, దాని మీద కప్పే జరీగుడ్డకి ఇస్త్రీ చేయించడం నా డ్యూటీ.

ఈ కంపెనీకి ప్రతిపక్షం ఒకటుండేది. మా అత్త. ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. బర్మామైన్స్‌లో ఆవిడ చేతి జాకెట్టు తొడగని పెళ్ళికూతురు లేదని అత్తే చెప్పేది, కాదనే ధైర్యం ఎవరికీ లేదు. ముందు గదిలో పట్టుగుడ్డలు, వెనక షెడ్డులో లద్దె. వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని కొలతలిస్తున్నారని ఆవిడ బాధ. దానికి తోడు ఒకరోజు ఎవరో ఆది జాకెట్టు దండెం మీద మరిచిపోతే షంటింగ్ దాని చెయ్యి నమిలేసింది. ఆ రోజునుంచి అత్త షెడ్డు వైపు అడుగు పెట్టలేదు, గుర్రాన్ని పేరుపెట్టి పిలవలేదు. "ఆ జంతువు" అనేది. ఒక్కోసారి ఆ మాట గుర్రాన్నో మావయ్యనో తెలిసేది కాదు.

ఇలా ఉండగా షంటింగ్ కుంటడం మొదలుపెట్టింది. తప్పు మావయ్యదే. పెళ్ళి గుర్రానికి కాళ్ళు నాజూగ్గా ఉండాలని ఆయన సరదా. దారిన పోయే ఎవడినో పట్టుకుని చిన్న సైజు ఇనుపముక్కలు కొట్టించాడు. అవి గిట్టకి సరిపోకపోతే, వాడు వాటికి సరిపోయేలా గిట్టనే ఆకురాయితో అరగదీశాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. కొన్నాళ్ళకి మడమల కింద ఇనుము అందక, బరువంతా మెత్తటి చోట పడి, కాలు మోపలేకపోయింది. ఒక ఊరేగింపులో పెళ్ళికొడుకు పడవలో కూర్చున్నట్టు ఊగిపోతూ నడిరోడ్డు మీద దిగిపోయి, మిగతా దారంతా నడిచి పోయాడు. పశువుల డాక్టరొచ్చి, సరైన సైజువి మడమదాకా ఆనేట్టు కొట్టిస్తే బాగుపడుతుంది, లేకపోతే ఇంక దీని పని ఇంతే అని చెప్పి పోయాడు. డాక్టరు వెళ్ళాక అత్త తీర్పు చెప్పింది. ఈ శనివారానికి అది కాలు మోపితే సరే, లేకపోతే ఇటుకల బట్టీ ఆయనకి ఇచ్చెయ్యాలి. మావయ్య ఒప్పుకున్నాడు. బట్టీలో గుర్రాల బతుకెలా ఉంటుందో రైలు కిటికీలోంచి చూసినవాళ్ళకెవరికైనా తెలుసు. కుంటినా పరవాలేదు, ఇటుకలు మోస్తే చాలంటారు. ఆ వారమంతా మావయ్య షెడ్డులోనే కూర్చున్నాడు. దానితో ఏం మాట్లాడేవాడో తెలియదు గానీ నేను వెళ్ళగానే దగ్గు నటించి గొంతు సవరించుకునేవాడు.

రైలు పట్టాలకి అవతల కొలిమి పెట్టుకున్న ఒక ముసలి చాచా ఉండేవాడు. గుర్రాల కాళ్ళకి ఇనుము కొట్టడంలో దిట్ట. శనివారం పొద్దున్నే వచ్చి చేస్తానన్నాడు. ఆ పొద్దున్న నేను ఇంట్లో జడ వేసుకుంటుంటే ఫోన్లో మావయ్య వాయిస్ మెసేజి: "అమ్మీ, సాక్చి మీంచే వత్తావు కదా, నాడాలు నాలుగు అట్టుకురా. సన్నటివి వద్దు, ఎడల్పుగా ఉండాల. ఎనకాల ఒక రవ్వ పొడుగున్నా పర్నేదు. గట్టివి సూడు. ఊరేగింపు మద్దిలో ఊడిపోతే నా పరువు పోద్ది."

మీరు తెలుగు దేశంలో పుట్టి పెరిగినవాళ్ళు కాబట్టి మీకు వెంటనే అర్థమైపోయి ఉంటుంది. కానీ నా గతి చూడండి. గుర్రం కాలి ఇనుముని మా వీధిలో నాల్ అంటారు. నాడా అంటే పైజామా బొందు. మా ఇంట్లో గుర్రాల ప్రసక్తి తెలుగులో ఎప్పుడొచ్చింది గనక నేను నేర్చుకోడానికి? పైగా మావయ్య ఊరేగింపుల్లో కళ్ళెం పట్టుకుని నడవడానికి కొత్తగా తెల్ల పైజామాలు కుట్టించుకున్నాడు. ఆయన పొట్ట నేనెరుగుదును. ఊరేగింపు మధ్యలో ఊడిపోతే పరువు పోతుందని ఆయన భయపడటం నాకు ఎంతో సబబుగా తోచింది. మంగలి కత్తి తెచ్చుకున్నట్టు చాచా తన ఇనుము తనే తెచ్చుకుంటాడని అనుకున్నాను.

సాక్చి బజారులో దారాలూ లేసులూ అమ్మే కొట్టుకి వెళ్ళి, వెడల్పాటి గట్టి నాడాలు కావాలన్నాను. కొట్టావిడ నడుము ఎంత అని అడిగింది. రెండు చేతులూ చాచి చూపించాను. ఆవిడ జాలిగా చూసి, నవారులా బల్లపరుపుగా నేసినవి తీసింది. రంగు దగ్గర తేల్చుకోలేక నాలుగూ నాలుగు రంగులవి తీసుకున్నాను. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. మేనేజరుకి ఆ మాత్రం అభిరుచి ఉండద్దూ?

నేను వెళ్ళేసరికి చాచా పాత ఇనుము నాలుగు కాళ్ళకీ ఊడదీసేసి, తోలు గుడ్డ ఒళ్ళో పరుచుకుని, షంటింగ్ కాలు ఎత్తిపట్టుకుని కూర్చున్నాడు. మావయ్య చెయ్యి చాపాడు. నేను సంచీలోంచి నాలుగు బొందులూ తీసి ఆ చేతిలో పెట్టాను. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముందు అర్థమైంది చాచాకి. ఆయన నవ్విన నవ్వుకి గుర్రం కాలు జారి కింద పడింది. మావయ్య నవ్వలేదు. బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు.

"నాడాలంటే గుర్రానికే అమ్మీ," అన్నాడు మెల్లగా. "ఇయి బొందులు కదే."

కేకలేసి ఉంటే బాగుండేది. అంత మెల్లగా అనేసరికి నాకు ఏడుపొచ్చేసింది. సాయంత్రం బట్టీ ఆయన బండి తెస్తున్నాడు. గబగబా ఇనుపసామాన్ల కొట్టుకి ఫోన్ చేస్తే, పెద్ద సైజువి ఎవరూ కొనడంలేదని తెప్పించడం మానేశామన్నాడు. మీరే చెప్పండి, ఊరు ఊరంతా ఉక్కు. పొద్దున లేస్తే ఉక్కు, పడుకుంటే ఉక్కు. అలాంటి ఊళ్ళో ఒక గుర్రానికి నాలుగు నాడాలు దొరకలేదు. చాచా కొలిమిలో కొత్తవి కొట్టగలడు. కానీ గుర్రాన్ని అక్కడికి నడిపించాలంటే మధ్యలో పట్టాలు, పట్టాల నిండా కంకర. ఉత్త కాళ్ళతో, నొప్పి మడమలతో అది ఆ రాళ్ళ మీద నడవలేదు. కొలిమి ఇక్కడికి రాదు. అందాజా మీద కొడితే, తప్పిందంటే గిట్ట పూర్తిగా పోతుందని చాచా ఒప్పుకోలేదు. కాగితం మీద గిట్ట గీసుకుందామని చూశాం. షంటింగ్ ఆ కాగితాన్ని నమిలేసింది.

అప్పుడు ముందుగదిలో మిషను ఆగింది. మిషను ఆగిందంటే ఆ ఇంట్లో అందరూ సర్దుకుని నిలబడతారు. మెళ్ళో టేపుతో, చెవి మీద సుద్దముక్కతో అత్త షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. ఏమిటీ గోల అని అడిగింది. మావయ్య అంతా చెప్పాడు, గిట్ట అరగదీయించిన సంగతితో సహా. అప్పటిదాకా ఆ సంగతి ఆవిడకి తెలియదు.

"జాకెట్టు బిగుతైతే కుట్టు ఇప్పుతాం గానీ, మనిసిని సెక్కుతామేటండీ?" అంది.

అత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని గుర్రం కాళ్ళ దగ్గర గొంతుకూచుంది. టేపు తియ్యబోయి మానేసింది. (అది ఆవిడ పెళ్ళినాటి టేపు, జంతువుకి ముట్టించదు.) మావయ్య చేతిలోంచి ఎర్ర బొందు లాక్కుని, ఒక మడమ నుంచి గిట్ట అంచు చుట్టూ తిప్పి రెండో మడమ దాకా తెచ్చి, అటూ ఇటూ ముడేసింది. అడ్డం కొలత బొందు మీదే సుద్దతో గీసింది. అరగదీసిన మేర ఎంత పెరగాలో చాచాని అడిగి, ఆ మేరకి ముడి జరిపింది. నాలుగు గిట్టలూ నాలుగు రకాలుగా ఉన్నాయని మాకు అప్పుడే తెలిసింది. నాలుగు రంగులు కదా, ఏ కాలిది ఏదో కలిసిపోయే భయం లేదు. నా అభిరుచి అలా పనికొచ్చింది. చివర్న అత్త చాచా వైపు తిరిగి, వెనకాల ఒక రవ్వ గుడ్డ వదలమని చెప్పింది. నేను హిందీలో చెప్పేలోపే ఆయనకి అర్థమైపోయింది. తమ పనిలోనూ అంతేనట. బరువు పడినప్పుడు గిట్ట వెడల్పవుతుంది కాబట్టి పక్కలకి కాస్త చోటుండాలి, మడమ ఆనడానికి వెనక కాస్త ఇనుముండాలి.

నాలుగు బొందులూ మెళ్ళో వేసుకుని, చాచా వెనకాల పట్టాల మీది మెట్ల వంతెనెక్కి దిగి కొలిమికి వెళ్ళాను. తిరునాళ్ళలో తప్పిపోయినదానిలా ఉన్నానేమో, అందరూ నన్నే చూశారు. ఆయన ఇనుము కాల్చి వంచడం, నేను బొందు పక్కన పట్టి చూపించడం, ఆయన మళ్ళీ వంచడం. ఆకుపచ్చదాని కొస కాస్త కాలింది కూడా. తిరిగొచ్చి ఆయన ఒక్కొక్కటీ ఆనించి, మేకులు దించి, కొసలు వంచేసరికి ఎండ వాలింది. మావయ్య కళ్ళెం పట్టుకుని సిమెంటు సందులో దాన్ని నడిపించాడు. యార్డులో బండి చక్రం మీద సుత్తి కొట్టి వినే మనిషి కదా, చెవి వంచి విన్నాడు. అంతకుముందు మూడు టక్కులే గట్టిగా వినపడేవి, నాలుగోది దొంగలా వచ్చేది. ఇప్పుడూ నాలుగోది కాస్త సిగ్గుపడుతోంది గానీ వినపడింది. కాలు మాత్రం మోపింది. బాగుపడిందో, బాగుపడబోతోందో, మా ఆశో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు.

సరిగ్గా అప్పుడే బట్టీ ఆయన బండి సందు మొగలో ఆగింది. "చలేఁ?" అన్నాడు, పోదామా అన్నట్టు. మావయ్య మాటిచ్చిన మనిషి. అది ఇంకా పూర్తిగా నడవడంలేదని ఆయనకీ తెలుసు. కళ్ళెం వదలకుండా అత్త వైపు చూశాడు. ఇన్ని నెలలుగా దాన్ని పంపించెయ్యమని పోరినావిడ, చేతికంటిన మట్టి కొంగుకి తుడుచుకుంటూ ముందుకొచ్చి నిలబడింది. అత్తకి హిందీ బ్రహ్మాండంగా వచ్చు. కానీ ముఖ్యమైన మాటలు తెలుగులోనే చెప్తుంది.

"కొలతలు తీసేసేక సరుకు ఎనక్కివ్వను. మా షాపు రూలు. షంటింగ్ ఎక్కడికీ రాదు."

పేరుపెట్టి పిలిచింది. మావయ్య గభాల్న గుర్రం మెడ చాటుకి మొహం తిప్పుకున్నాడు. ఆవిడ ఏమందని బట్టీ ఆయన నన్నడిగాడు. హిందీలో చెప్పాను. ఆ రోజు మొత్తం మీద నేను తప్పుల్లేకుండా చేసిన అనువాదం అదొక్కటే. ఆయన కాసేపు గొణిగి, ఖాళీ బండితో వెళ్ళిపోయాడు.

కొన్ని వారాలకి సోనారిలో ఒక పెళ్ళికి షంటింగ్ వెళ్ళింది. నాలుగు టక్కులూ సమానంగా. అత్త ఆ నాలుగు బొందుల్నీ జడలా అల్లి దాని మెడకి కట్టింది. బ్యాండు మోగగానే అది రెండడుగులు ముందుకీ రెండు వెనక్కీ వేసి, ముహూర్తం దాటిపోతుందేమోనని పెళ్ళివారికి చెమటలు పట్టించింది. నాకు మాత్రం అంత ఆనందం మళ్ళీ నా పెళ్ళి ఊరేగింపులో కూడా కలగలేదు. (మా ఆయన కారులో వచ్చాడు.)

ఇప్పుడు నేను నిజం ఆఫీసులో నిజం మేనేజర్ని. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు చెప్తున్నాను, దానికి మా పిల్లలు హిందీలో నవ్వుతున్నారు. పోయిన నెల మావయ్య దగ్గర్నుంచి మళ్ళీ వాయిస్ మెసేజి వచ్చింది. నాడాలు నాలుగు అట్టుకురా, గట్టివి సూడు. నేను నాలో నేనే నవ్వుకున్నాను. అప్పటి పిచ్చిపిల్లనా నేను? ఆఫీసుకి సెలవు పెట్టి తిన్నగా చాచా కొలిమికి వెళ్ళాను. ఇప్పుడు అక్కడ ఆయన కొడుకున్నాడు. గోడ మీద చాచా బొగ్గుతో గీసి ఉంచిన మా షంటింగ్ పాత కొలతలు చూపించి, నాలుగు నాడాలు కొట్టించి, సంచీ బరువుకి చెయ్యి సాగిపోతుంటే మోసుకుంటూ వంతెనెక్కి దిగి, మావయ్య ముందు గర్వంగా పెట్టాను.

మావయ్య వాటిని చూశాడు, నన్ను చూశాడు. అత్త మిషను ఆపింది. షెడ్డు పక్క గడ్డిలో షంటింగ్ ఉత్త కాళ్ళతో, హాయిగా తిరుగుతోంది. అది ఊరేగింపులు మానేసి చాలా కాలమైంది, ఆఫీసు గొడవలో పడి నాకే తెలియలేదు. ఇంక ఇనుమెందుకు, గిట్టలకి గాలి తగలనివ్వమని నాడాలు పీకించింది కూడా చాచాయేనట.

"దానికేటికే ఇప్పుడు?" అన్నాడు మావయ్య, ఒక చేత్తో పైజామా పైకి లాక్కుంటూ. "నాకే అమ్మీ. నీ మాటలోనే అడిగేను గదే."

అప్పటి ఆ పిచ్చిపిల్లనే పంపించి ఉంటే, సరిగ్గా తెచ్చి ఉండేది.