తెరలాయన అక్క

దర్జీ అక్క నోటికి వీధి వీధంతా జడిసేది. జాకెట్టు బిగుతైందని ఎవరైనా గొడవకొస్తే, "గుడ్డ కుంచించుకుపోలేదమ్మా, నువ్వే విస్తరించావు" అని పంపేసే మనిషి. అలాంటిది ఆ మధ్యాహ్నం నాటక సమాజం కార్యదర్శి పూలదండ పట్టుకుని దుకాణం గుమ్మంలో నిలబడితే, మిషను చక్రం మీద చెయ్యి ఆనించి ఆపి, దండనీ ఆయన్నీ ఎగాదిగా చూసింది. ఆమె తమ్ముడు పోయిన ఈ పంతొమ్మిదేళ్ళలో ఆయన ఆ గుమ్మం ముందుకు రావడం అదే మొదలు.

ఆమె తమ్ముణ్ణి ఊరంతా తెరలాయన అనేవారు. సమాజం ఆడే నాటకాలన్నిటికీ వెనక తెరలు గీసింది అతనే. ముతక గుడ్డ మీద జిగురు కలిపిన రంగులతో వీధి గీస్తే, ఆ వీధి చివర మలుపు తిరిగితే ఇంకో వీధి ఉంటుందని చూసేవాళ్ళకి గట్టి నమ్మకం కలిగేది. గుడ్డలు కలిపి కుట్టిచ్చే పని అక్కది. "నీ కుట్టు కనపడిందంటే నా ఆకాశం చిరిగినట్టుంటుందే" అని సతాయించేవాడు.

ఆ తర్వాత అతనికి ఎయిడ్స్ అని తేలింది. ఆస్పత్రి నుంచి అతనికన్నా ముందే ఆ మాట ఊళ్ళోకి చేరింది. నిన్నటిదాకా భుజాల మీద చేతులేసినవాళ్ళు అతను ఎదురైతే రోడ్డు దాటేవారు. ఇదే కార్యదర్శి అయితే, ఇకమీదట హాల్లో అడుగు పెట్టవద్దని కాగితం రాసి, సంతకం చేసి మరీ పంపాడు. అతని పీటనీ కుంచెల్నీ హాలు వెనక తగలబెట్టించాడు. తెరలూ మంటలో పడేవే. అక్క పరుగున వెళ్ళి, అడ్డొచ్చినవాళ్ళకి కత్తెర చూపించి, పదకొండు తెరల్నీ తోపుడుబండి మీద వేసుకుని తెచ్చుకుంది. నాలుగు నెలలకు తమ్ముడు పోయాడు. సాగనంపడానికి సమాజం నుంచి వచ్చింది ఒక్కడే, ఆడవేషాలు కట్టే అతను.

ఇప్పుడు కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "అక్కయ్యగారూ, సమాజానికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. తమ్ముడుగారి తెరలన్నీ హాల్లో కట్టి, ఫొటోకి దండ వేద్దామని..."

చచ్చినవాడి కళ్ళు చారెడు, అనుకుందామె. "ఫొటో కింద ఏం రాస్తారు?"

ఆయన జేబులోంచి కాగితం తీసి చదివాడు. "తీవ్ర అనారోగ్యంతో అకాల మరణం చెందిన మహా కళాకారుడు..."

"ఏం అనారోగ్యం?"

ఆయన కాగితం మడిచేశాడు. "ఇప్పుడవన్నీ ఎందుకండీ? నలుగురూ వచ్చే చోటు. ఆయన పరువు కూడా చూడాలి కదా."

"వాడి పరువా, మీదా? ఎయిడ్స్‌తో పోయాడని రాయండి. హాల్లోకి రావద్దన్నారని, సంతకం ఎవరిదో కూడా రాయండి. తెరలు నేనే మోసుకొచ్చి కడతా."

"పోయినవాడి కోసం బతికున్నవాళ్ళని బజారుకీడుస్తావా?" ఆయన గొంతులో మర్యాద జారిపోయింది.

"బతికున్నవాణ్ణి మీరు ఈడ్చారుగా, అదే బజారుకి. ఆ దండ తీసుకెళ్ళండి. వాడికి పూలు పడవు, తుమ్ములొచ్చేవి."

మర్నాటికల్లా తెరలు సమాజం ఆస్తి అని ఊళ్ళో ప్రచారం మొదలైంది. ఇద్దరు మనుషులు అడగడానికొచ్చి, ఆమె తిట్లు సగం విని వెనక్కి తిరిగారు. నాటకాల దుస్తులు కుట్టే పని ఇంకొకరికి పోయింది. పాత ఖాతాదారులు కొందరు కుట్టని గుడ్డలు వెనక్కి పట్టుకుపోయారు. "కుట్టిస్తే జబ్బు అంటుతుందేమో, పట్టుకుపోండి" అని ఆమే చేతికిచ్చింది.

ఆ ఆడవేషాలతను ఇప్పుడు గ్రంథాలయంలో పని చేస్తున్నాడు. యాభై ఏళ్ళ పండుగకి సమాజం వాళ్ళు అచ్చు వేయించిన ఫ్లెక్సీ ముందు ఉపన్యాసాలిస్తున్న రోజునే, అక్కా అతనూ వీధి తెరని చదువుకునే గది గోడకి కట్టారు. పక్కన చెక్క పలక మీద అక్క నల్లరంగుతో రాసింది: ఈ వీధి గీసిన తెరలాయన ఎయిడ్స్‌తో చనిపోయాడు. అంతకుముందే ఊరు అతన్ని వెలివేసింది. మొదటి నెల అక్క కూడా అతని కంచం విడిగా కడిగింది.

అతను చదివి ఉలిక్కిపడ్డాడు. "చివరిది ఎందుకక్కా? ఎవరికీ తెలియదుగా."

"వాడు చూశాడు. చూసి ఏమీ అనలేదు. ఊరిని తిట్టి నేను తప్పించుకుంటానా?"

వారం తిరగకముందే ఎవరో మేకుతో పలక గీకేశారు. అక్క తప్పు అలాగే ఉంచి, ఎయిడ్స్ అన్న ఒక్క మాటే చెరిపారు. ఆమె రంగు డబ్బాతో వచ్చి మళ్ళీ రాసింది. మళ్ళీ గీకారు. నాలుగోసారి అతను కుర్చీ తెచ్చి వేస్తూ, "ఇంకెన్నాళ్ళు రాస్తావక్కా?" అన్నాడు.

"కుర్చీ కదలకుండా పట్టుకో" అంది ఆమె, ఈసారి అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేస్తూ.