టాంకు మూతలో సబ్బు

గంగులప్ప అనే మనిషి దొంగ కాదు. ఈ ఒక్క మాట చెప్పడానికి నాకు సగం జీవితం పట్టింది. దాన్ని లోపల పెట్టుకునే ఇన్నేళ్ళూ అన్నం తిన్నాను, బిడ్డల పెళ్ళిళ్ళు చేశాను, మనవళ్ళకు బుద్ధులు చెప్పాను. బరువుగా ఉండేదా? ఉండేది. కానీ మోయలేనంత బరువు కాదు, ఇప్పుడు నాకు ఒళ్ళు మండేది అందుకే. మోయలేనంత ఉండుంటే ఎప్పుడో దించేసేదాన్ని. మోయగలిగాను కాబట్టే మోస్తూ ఊరుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకు చెప్పి చూశాను, ఏం లాభం లేకపోయింది. అది తర్వాత చెప్తాను. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. మాటలు సొంపుగా పేర్చడం చేతకాదు. ముసలిదని జాలి పడొద్దు. ఆ పని చేసినప్పుడు నేను ముసలిదాన్ని కాను.

మాది పుంగనూరు పక్కన పల్లె. టమోటా మా పంట. అప్పట్లో మా ఆయన మదనపల్లెలో ఒక తోట ఆసామి దగ్గర పాత చిన్న ట్రాక్టరు కొనుక్కొచ్చాడు. పెద్ద ట్రాక్టరు సాళ్ళ మధ్య పట్టదు, ఇది పడుతుంది. తాడు లాగి స్టార్ట్ చేసేది, పెట్రోలుతో నడిచేది. ఎద్దుల్ని అమ్మేసి మరీ తెచ్చాడు. పశువుల కొట్టంలో ఎద్దులు కట్టేసే చోటే దాన్ని నిలబెట్టేవాళ్ళం.

నన్ను ఊళ్ళో పొదుపు మనిషి అంటారు. అనడమేమిటి, ఉన్నదే. బట్టల సబ్బు అరిగి పలుచబడితే పారెయ్యను. ఆ ముక్కలన్నీ తడిపి, పిసికి, ఇంకో సబ్బు చేస్తాను. ఇప్పటికీ అంతే. అది తప్పని నేను అనుకోను. ఎవరైనా నవ్వితే నవ్వుకోనీ.

ఎండ ఎక్కితే కొట్టమంతా పెట్రోలు వాసన కొట్టేది. నాకు ప్రాణం ఉసూరుమనేది. వాసన వస్తోందంటే పెట్రోలు గాల్లో కలిసిపోతున్నట్టే కదా? వెతికితే టాంకు మూత నడుమ సూది పట్టేంత బొక్క కనబడింది. అరిగిపోయి పడిందనుకున్నాను. పాత బండి కదా, ఎక్కడో ఒకచోట కారుతుంది అనుకున్నాను. అంతకుముందు పుంగనూరు బస్టాండులో ఒక లారీ డ్రైవరు, డీజిలు కారుతున్న టాంకుకు సబ్బు మెత్తి ఆపడం నా కళ్ళతో చూశాను. నేనూ మూత లోపల ఉన్న రబ్బరు పైకెత్తి, నా సబ్బు ముద్ద గట్టిగా అదిమి, రబ్బరు మళ్ళీ సర్దేశాను. వాసన తగ్గింది. ఎంత సంతోషపడ్డానో! మా ఆయనకు చెప్పలేదు. మగవాళ్ళు పట్టించుకోని నష్టాన్ని నేను ఆపానని నాలో నేనే మురిసిపోయాను.

ఆ బొక్క అరుగుదల కాదు. మూత చేసినవాళ్ళే దాన్ని అక్కడ పెట్టారు. టాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ ఆ దారిన గాలి లోపలికి పోవాలి. పోకపోతే పెట్రోలు కిందికి దిగదు. నాకది తెలియదు. తెలియకపోవడాన్ని నేను నేరం అనడం లేదు. నేరం ఇంకా ముందుంది.

బండి మొరాయించడం మొదలుపెట్టింది. రెండు మూడు సాళ్ళు బాగా పోయేది, తర్వాత దగ్గి ఆగిపోయేది. మా ఆయన మూత తీసి చూసేవాడు. పెట్రోలు ఉండేది. మూత పెట్టి తాడు లాగితే మళ్ళీ పోయేది, మళ్ళీ ఆగేది. మూత తీసినప్పుడు లోపలికి పోయిన గాలితోనే అది కాసేపు నడిచేదని ఇప్పుడు ఎవరికైనా చెప్పగలను. అప్పుడు ఎవరికీ తోచలేదు. సాళ్ళలో గడ్డి మోకాలెత్తు పెరుగుతోంది. మా ఆయన కోపం దానికంటే ఎత్తు.

గంగులప్పను పిలిపించాడు. అతను మా ఊరివాడే, పుంగనూరులో చిన్న కొట్టు పెట్టుకుని మందు కొట్టే మిషన్లు, మోటార్లు, మోపెడ్లు బాగుచేసేవాడు. వచ్చి చూశాడు. పెట్రోలు పైపు ఊది చూశాడు. కార్బొరేటరు విప్పాడు. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించే చిన్న గిన్నె లాంటిది అది. అందులో జెట్ అని సన్నని ఇత్తడి ముక్క ఉంటుంది, దాంట్లో నలక పడినా బండి ఇలాగే ఆగుతుందట. దాన్ని కొట్టుకు తీసుకుపోయి కడిగి తెచ్చి బిగించాడు. అతని ఎదురుగా బాగానే నడిచింది, అతను పోయాక ఆగింది. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ కడిగాడు. మళ్ళీ అంతే.

అప్పుడు మా మరిది నోరు విప్పాడు. ఆ బండి తాడు ఒక్కసారైనా లాగి ఎరుగని మనిషి! "మంచి జెట్ పీక్కోని అరిగిపోయింది తగిలించినాడు వాడు. ఇంగేముంది?" అన్నాడు. అంతే. ఆ మాట అరుగుల మీద తిరిగి సాయంత్రానికి నిజమై కూర్చుంది. గంగులప్ప తియ్యలేదన్నాడు. మా ఆయన కర్పూరం ఆర్పమన్నాడు.

మా వైపు ఇది మామూలే. నింద పడ్డవాడు అమ్మవారి గుడి ముందు వెలిగించిన కర్పూరాన్ని కుడిచేత్తో ఆర్పి, నేను ఈ పని చెయ్యలేదని చెప్పాలి. అబద్ధమైతే అమ్మవారే చూసుకుంటుంది అంటారు. శుక్రవారం పెట్టుకున్నారు.

ముందురోజు మిట్టమధ్యాహ్నం గంగులప్ప మా ఇంటికి వచ్చాడు. మగవాళ్ళు టమోటా మడిలో పనిలో ఉన్నారు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"అక్కా, ఒక్కసారి బండి సూస్తాను," అన్నాడు.

"మొగోళ్ళు లేరప్పా. నువ్వు దానిమీద చెయ్యి పెట్టినావంటే ఇంకో మాట లేస్తాది."

"చెయ్యి పెట్టన్లే. ఈడనే నిలబడతా. నువ్వే పోయి సూడు. టాంకు మూత నడాన సన్న బొక్క ఉండాల. గాలి పొయ్యే దావ అది. మూసుకుపోయిందేమో."

నేను సబ్బు అదిమింది ఆ బొక్కలోనే. అతను నా ముఖమే చూస్తున్నాడు. అనుమానంతో కాదు, ఆశతో.

"మూతకేం? బాగానే ఉండాది," అన్నాను.

"సూసినావా అక్కా?"

"సూడకుండా చెప్తానా? నేనేమన్నా కండ్లు లేనిదాన్నా?"

"నీ మాట మీద నాకు నమ్మకం ఉండాదిలే. నువ్వు ఇంట్లో ఏ వస్తువునీ చెడనియ్యవు," అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ నవ్వు గురించి నేనేమీ రాయను. రాస్తే నామీద నాకే జాలి పుడుతుంది, అది నాకొద్దు.

అతను వీధి మలుపు తిరగగానే కొట్టంలోకి పోయాను. రబ్బరెత్తి, తలపిన్నుతో సబ్బంతా గీకేశాను. మూత ఎండకు పడితే బొక్కలోంచి వెలుగు కనబడేదాకా గీకాను. అప్పుడే అతని వెనక ఎందుకు పరిగెత్తలేదు? అతను ఇంకా ఊరు దాటి ఉండడు. నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. మా ఆయనకు భయపడ్డానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అబద్ధం. మా ఆయన అరిచేవాడే కానీ చెయ్యెత్తేవాడు కాదు. నాలుగు అరుపులు అరిచి ఊరుకునేవాడు. నేను భయపడింది నవ్వులకు. ట్రాక్టరుకు సబ్బు పెట్టిన ఆడది అని బోరింగు దగ్గర, పాల కేంద్రం దగ్గర నవ్వుకుంటారని. పొదుపు మనిషి పొదుపు ఎంతకొచ్చిందో చూడమంటారని. ఆ నవ్వు తప్పించుకోవడానికి ఒక మనిషిని గుడి ముందుకు పంపాను. ఇంతకంటే పెద్ద కారణం ఏమైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

శుక్రవారం అతను కర్పూరం ఆర్పాడు. "నేను తియ్యలేదు" అన్నాడు. నేను ఆడవాళ్ళ మధ్య నిలబడి ఉన్నాను. అందరితో పాటు దండం కూడా పెట్టాను!

అంతటితో ఆగినా బాగుండేది. మా ఆయన బండిని మళ్ళీ నడిపి చూడకుండానే నేరుగా మదనపల్లె తీసుకుపోయాడు. అక్కడివాడు కొత్త జెట్ వేశాడు. బండి ఆగకుండా నడిచింది. సబ్బు లేదు కాబట్టి నడిచింది. కానీ కొత్త జెట్ వేస్తే నడిచింది కాబట్టి పాతది గంగులప్పే మార్చాడని ఊరు తేల్చేసింది. ప్రమాణం చేసినా నమ్మరా అని అడిగే మనిషి లేడు. నేను అడగాల్సింది. అడిగితే నీకెలా తెలుసంటారు.

ఆ వారాల్లోనే టమోటా ధర పడిపోయింది. జనం బండ్లకు బండ్లు రోడ్డు పక్కన పారబోశారు. అవి తారు మీదికి కుళ్ళి పారాయి. గంగులప్ప మోపెడ్ వాటిమీద జారింది. కుడిచేతి మణికట్టు విరిగింది. కర్పూరం ఆర్పిన చెయ్యి. ఇక చెప్పాలా? "అమ్మవారు ఊరుకుంటాదా?" అన్నారు. నాకు ఇప్పటికీ రక్తం ఉడుకుతుంది. నిజం చెప్పినవాడి చెయ్యి అది! దాన్ని విరిచింది కుళ్ళిన టమోటాలు. వాటిని పారబోసింది మా ఊరివాళ్ళే. మా గంపలు కూడా ఉన్నాయి అందులో. అమ్మవారిని ఎందుకు లాగుతారు?

ఆ తర్వాత అతని కొట్టుకు పని రాలేదు. పెళ్ళాన్నీ బిడ్డల్నీ తీసుకుని కుప్పం వెళ్ళిపోయాడు. మా ఆయన చివరిదాకా తాను గెలిచాననే అనుకున్నాడు. ఆయనకు కూడా నేను చెప్పలేదు.

ఈ ఏడాది మా వీధిలో ఒకరి మడి దగ్గర మోటారు స్టార్టరు ఎవరో ఎత్తుకుపోయారు. పక్క మడిలో కూలికి పోయే సరోజ మీద అనుమానం పెట్టారు. ఆమెకు మొగుడు లేడు, మాట్లాడేవాళ్ళు లేరు. కర్పూరం ఆర్పమన్నారు. ఆమె ఏడుస్తూ ఆర్పుతానంది. అప్పుడొక కుర్ర వెధవ, ఆ సంగతి జరిగినప్పుడు పుట్టనైనా పుట్టనివాడు, వేలెత్తి "గంగులప్ప చెయ్యి ఏమయిందో తెలుసు గదా, సూసుకోని ఆర్పు" అన్నాడు. కర్పూరం నా చేతికిచ్చారు. ఊళ్ళో పెద్దదాన్ని, నేను వెలిగించాలట.

నేను వెలిగించలేదు. కర్పూరం బిళ్ళ కొంగున ముడేసుకుని, అందరి ముందూ అంతా చెప్పాను. సబ్బు, మూత, అతను వచ్చి అడగడం, నేను అబద్ధమాడటం. గొంతు చించుకుని చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వినా బాగుండేది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ నమ్మలేదు! "అవ్వకు సరోజ మీద జాలి కలిగింది, నిందను తన మీద ఏసుకుంటాండాది" అన్నారు. నా మనవడే నా భుజం పట్టుకుని, "పెద్దదైపోయింది, ఏదో మాట్లాడతాంది, ఏమనుకోవద్దండి" అన్నాడు. సరోజను ఆ రోజుకు వదిలేశారు, నా మాట విని కాదు, నా వయసు చూసి. అప్పట్లో నా అబద్ధాన్ని ఒక్కరూ సందేహించలేదు. ఈ రోజు నా నిజానికి నా ఇంట్లోనే సాక్షి లేడు. అతని చెయ్యి విరిగింది కాబట్టి అతను దొంగేనట. ఆ కథ వీళ్ళకు నాకంటే ఎక్కువ.

కుప్పం పోయాను. ఇంట్లో చెప్పకుండా బస్సెక్కాను. అడిగి అడిగి అతని కొట్టు కనుక్కున్నాను. జుట్టంతా తెల్లబడింది. కుడి మణికట్టు పక్కకు తిరిగిపోయింది, స్పానరు ఎడమచేత్తో పట్టుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టి స్టూలు వేశాడు. నేను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను. అతని భార్య లోపలి గుమ్మంలో నిలబడి విన్నది. నేను చెప్పడం కాగానే లోపలికి పోయింది, మళ్ళీ రాలేదు.

అతను చేతిలో పని ఆపలేదు. నట్టు బిగిస్తూనే అన్నాడు.

"ఇది నాకు చెప్పేదానికా ఇంత దూరం వచ్చినావు? నేను తియ్యలేదని నాకు ముందే తెలుసు గదక్కా. తెలియనోళ్ళకు చెప్పు."

"చెప్పినానప్పా. నమ్మలేదు."

"నమ్మేదాకా చెప్పు," అని, వచ్చిన బేరం వైపు తిరిగాడు.

క్షమించమని అడుగుదామనే పోయాను. అడిగే చోటు అతను ఉంచలేదు. ఉంచనక్కర్లేదు కూడా. సరైన పని చేశాడు.

అందుకే రాస్తున్నాను. మీరు మా వైపు వచ్చినప్పుడు ఎవరైనా ఆ చెయ్యి కథ ఎత్తితే, అక్కడే ఆపి కాదని చెప్పండి. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి, గట్టిగా తిట్టండి, తప్పేమీ లేదు. నమ్మకపోతే మళ్ళీ రాస్తాను. కాగితానికి కరువు లేదు, నాకింకా ఓపిక ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి నా లోపల చెప్పకుండా దాచుకున్నది ఏమీ మిగల్లేదు.