రంగు లేని మందు

మా చిన్న తమ్ముడు కార్తీక సోమవారం నాడు పోయిండు. తువ్వాళ్ళ కార్ఖానాలో రంగుల మేస్త్రీ. యాభై నిండలేదు. వాని గురించి నాలుగు మాటలు శాంతంగా రాద్దామని దీపం ముట్టించి కూర్చున్న. శాంతం రావడం లేదు.

పొద్దున్నే వచ్చి నా గడప మీద కూర్చునేటోడు. నేను బీడీలు చుడుతుంటే చాయ్ తాగుకుంట నా చాటలో ఆకులు సదిరేటోడు. గోళ్ళల్ల ఎప్పుడూ నీలం. "నా చెయ్యి తగిలితే దేవుడు కూడ నీలమైతడని పూలు పెట్టనియ్యదు మా అక్క" అని వాడకట్టంతా చెప్పేటోడు.

కొత్త రంగు కలిపితే ముందుగాల ఒక చిన్న నూలు లడిని ముంచి తీగ మీద ఆరేసేది వాని పద్ధతి. సేఠ్ తొందరపెడితే, "తడి మీద మాట ఇయ్య సేఠ్. ఆరినంక చెప్త" అనేటోడు.

పోయినేడు కుడి భుజం పట్టేసింది. తడి నూలు ఎత్తలేకపోతే మేస్త్రీ పని ఉండదు. మా ఊరి హోట్గి రోడ్డు మీది జిమ్ములో ఒక మరాఠీ పిలగాడు నొప్పి పోతదని చిన్న సీసా అమ్మిండు. లోపల తెల్ల పొడి. పెప్టైడ్ అంటరు. నీళ్ళు కలిపి, షుగరోళ్ళ సూదితో పొడుచుకోవాలట. పొడి ఎంతుందో, నీళ్ళు ఎన్ని పోయాలో సరిగ్గ చెప్పలే. "ఈ గీత దాకా గుంజు భావూ" అని సూది మీద గోరు పెట్టి చూపిచ్చిండంతే.

తమ్ముడు కలిపిననాడు నేను పక్కనే ఉన్న. సీసాను వెలుతురుకు పట్టి చూసిండు.

"ఏందక్కా ఇది, మంచినీళ్ళ లెక్కనే ఉంది. పలచనైంది."

"డాక్టర్ను అడుగురా."

"నీళ్ళు కలుపుడు నాకు డాక్టర్ నేర్పాల్నా?"

తర్వాతి సీసాకు నీళ్ళు బాగా తగ్గిచ్చిండు. ముదురు రంగుకు అట్లనే చేస్తరు. గుంజింది మాత్రం అదే గీత దాకా. నీళ్ళు తగ్గితే ఆ గీతలోనే మందు ఎక్కువొస్తది. ఆ లెక్క వానికి తెల్వక కాదు. కావాలనే చిక్కగ చేసుకున్నడు. రంగు ఎక్కువైతే కండ్లకు కనబడుతది. ఇది కనబడలే.

ఆ సూది తర్వాత పడిపోయినోడు మళ్ళ లేవలే. ఆస్పత్రిలో డాక్టరమ్మ సీసా తిప్పి చూసింది. "మోతాదు ఎక్కువైందో, ఇందులో ఇంకేమన్నా కలిసిందో నేను చెప్పలేనమ్మా. దీన్ని మనుషుల మీద సరిగ్గా పరీక్షించనే లేదు" అన్నది.

దినాలయినంక జిమ్ముకు పోయిన.

"తాయీ, సీసా మీద రాసే ఉంది గదా, పరిశోధనకు మాత్రమే, మనుషులకు కాదని" అన్నడు వాడు.

ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాలు.

"మనుషులకు కాకపోతే నా తమ్మునికి గీతెందుకు చూపిచ్చినవ్ బిడ్డా?"

ఫోను చూసుకున్నడు.

నూలు లడికి మా తమ్ముడు ఇచ్చిన మర్యాద, మా తమ్ముని ఒంటికి ఆ జిమ్మోడు ఇయ్యలే. రోజూ మా నేతోళ్ళ దేవుడు మార్కండేయునికి దండం పెట్టి అందరినీ చల్లగ చూడమంట. వాని దగ్గరికొచ్చేసరికి నోరు మూతపడుతది. నేనూ తెరవను.

నిన్న తమ్ముని టిఫిన్ డబ్బా కోసం కార్ఖానాకు పోయిన. వాడు ముంచిన చివరి లడి తీగ మీదనే ఉంది. నీలం. ఎప్పుడో ఆరిపోయింది. సేఠ్ ఎవరినీ తియ్యనియ్యడట. చూసి చెప్పేటోడు లేక, గాలికి అట్లనే ఊగుతుంది.