లంగరు తాడు మీద సముద్రపు సాలీడు

మా నాన్నగారు గోదావరి వైపు నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చారు. నేను ఉక్కునగరంలోనే పుట్టి పెరిగి, ఇప్పుడు అక్కడి పిల్లలకే సైన్సు చెబుతున్నాను. పోయిన చలికాలం ఐదో తరగతిలో సముద్రపు సాలీళ్ల గురించి చెబుతూ, ఉత్సాహం ఆపుకోలేక, "ఆదివారం రండి, చూపిస్తాను" అనేశాను. నిజానికి అప్పటిదాకా వాటిని నేనూ బొమ్మల్లోనే చూశాను.

పన్నెండు మంది పిల్లలు వచ్చారు. తోడుగా ఇద్దరు తల్లులు. పొద్దున్నే నీళ్లు వెనక్కి తగ్గే వేళ చూసుకుని రాళ్ల ఒడ్డుకు చేరాం. రాళ్ల మధ్య నిలిచిన నీళ్లలో గంటసేపు వెతికాం. పీతలు దొరికాయి, నత్తలు దొరికాయి, ఎవరిదో చెప్పు కూడా దొరికింది. సాలీడు జాడ లేదు.

"టీచర్, ఆదివారం కదా, వాటికీ సెలవేమో" అంది ఒక పిల్ల. పైకి నవ్వాను గానీ లోపల బెంగ మొదలైంది.

కాస్త దూరంలో పడవ నీడన కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఒకామె మమ్మల్నే గమనిస్తోంది.

"ఏటమ్మా, అప్పట్నుంచి ఎతుకుతన్నారు? ఏటి పారేసుకున్నారు?"

"సముద్రపు సాలీడు కోసం అమ్మా."

"సాలీడా! ఇళ్లల్లో ఉన్నయి సాల్లేదేటి, ఇంత దూరం వచ్చీసేరు?" అని పకపకా నవ్వింది.

నాచులాంటి పోగుల మధ్య బతుకుతుందని చెప్పాను. ఆమె లేచి వెళ్లి, పొద్దున్నే నీళ్లలోంచి లాగిన లంగరు తాడు తెచ్చి మా ముందు పడేసింది. తాడంతా తడితడిగా, గోధుమరంగు నూగు పట్టి ఉంది. "ఈ నూగు మొక్కలా ఉంది కదా, కానీ ఇదీ జంతువే" అన్నాను పిల్లలతో. స్టీలు పళ్లెంలో సముద్రపు నీళ్లు పోసి, ఆ నూగును అందులో జాడించాం.

"టీచర్! దారప్పోగు నడుస్తోంది!"

నిజమే. కందిగింజంత జీవి, సన్నని ఎనిమిది కాళ్ల మీద తీరిగ్గా కదులుతోంది. వెంట తెచ్చిన భూతద్దం పళ్లెం మీద పట్టాను. పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు.

"అన్నీ కాళ్లే! పొట్టేది టీచర్?"

"పొట్ట అంత సన్నటి ఒంట్లో పట్టదు. అందుకే పేగులు కాళ్లలోకి కూడా పాకుతాయి. ఊపిరి చర్మంతోనే పీల్చుకుంటుంది. తొండంతో ఈ నూగు రసం తాగుతుంది."

"అయితే మోకాలికి ఆకలేస్తుందా?" అని ఒకడు అడిగేసరికి నాకూ నవ్వు ఆగలేదు.

అప్పుడు చూశాను, దాని కిందివైపు చిన్న చిన్న తెల్లటి ఉండలు. గుడ్లు!

"ఇది నాన్న" అన్నాను. "గుడ్లు పెట్టేది అమ్మ. అవి పిల్లలయ్యేదాకా మోసేది నాన్నే."

వల పక్కన పడేసి ఆమె కూడా వచ్చి చూసింది. పడవలో ఉన్న భర్తను కేకేసింది. "ఏటయ్యా, ఇలా రా! ఈ మగోడు గుడ్లు మోత్తన్నాడంట. సూసి నేర్సుకో!"

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, భూతద్దంలో చాలాసేపు చూశాడు. "నాను మొయ్యలేదేటి? మన పెద్దదాన్ని బుజం మీద ఎక్కించుకుని ఒడ్డంతా తిప్పింది ఎవులు?"

"పాలు మాన్పించినప్పుడు అది ఏడిసిన ఆ నాలుగు రోజులేగా!" అందామె. ఒడ్డంతా నవ్వులే. ఆయన కూడా సిగ్గుపడుతూ నవ్వేశాడు. పళ్లెం మాత్రం వదలకుండా ఇంకోసారి చూశాడు. "ముప్పయ్యేళ్లుగా ఈ తాళ్లు గీకీసి పారేత్తన్నాను. ఈటిలో ఇలాటోళ్లు ఉన్నారని తెల్దు."

ఎండ ఎక్కకముందే ఆ తండ్రిని గుడ్లతో సహా నీళ్లలో వదిలేశాం. తాడును ఆ పడవాయనే మళ్లీ నీళ్లలోకి దించాడు.

తర్వాత పిల్లలు నలుగురేసి ఒకరి నడుం ఒకరు పట్టుకుని, ఎనిమిది కాళ్ల మీద ఇసుకలో నడవాలని చూశారు. మూడడుగులు వేశాక మొదటి సాలీడు కుప్పకూలింది. నన్నూ నాలుగోదాన్నిగా లాక్కుని, రెండో సాలీడు బయలుదేరింది.