పేజీ నంబర్లు లేని నవల

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో లేదని నా గట్టి నమ్మకం. ఇరవై మూడేళ్ళ వయసు, కొత్త ఎం.ఏ. పట్టా, తాండూరు కాలేజీలో గెస్ట్ లెక్చరర్ ఉద్యోగం. రోజూ పొద్దున వికారాబాద్‌లో రైలెక్కి, దారి పొడుగునా తోటి ప్రయాణికులను జాలిగా చూసేదాన్ని. ఆ పొగరు దించింది నేను పాఠం చెప్పాల్సిన ఒక ఇంగ్లీషు నవల. కథ చెప్పే పాత పద్ధతులన్నీ పక్కన పడేసి రాసిన, గొప్ప పేరున్న నవల. అందులో ఒక కుటుంబం, వాళ్ళ జ్ఞాపకాలు, పోగొట్టుకున్న మనుషులు. మొదట్లోనే చనిపోయిన తల్లి మధ్యలో హాయిగా అన్నం వడ్డిస్తూ కనబడుతుంది. మూడుసార్లు చదివినా నాకు అంతుపట్టలేదు. (పిల్లలకు మాత్రం "చాలా లోతైన రచన" అని చెప్పి తప్పించుకునేదాన్ని.)

అంతలో ప్రిన్సిపాల్ గారు (ఎప్పుడూ మాట్లాడరు కాబట్టి మాకు ఆయన మౌనం సార్) సోమవారం నా క్లాసులో కూర్చుంటానని కబురు పంపారు. నచ్చితే ఇంకో ఏడాది కొలువు, లేకపోతే ఇల్లు. ఆ సోమవారం రైల్లో నవల జిరాక్స్ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కుస్తీ పడుతుంటే, ధారూర్ దాటగానే గాలి కొట్టి అన్నీ పెట్టెనిండా ఎగిరాయి. జనం పాపం ఏరి ఇచ్చారు. కానీ జిరాక్స్‌లో పేజీ నంబర్లు పడలేదు! ఏది ముందో ఏది వెనకో తెలియక ఏడుపొచ్చింది.

"ఏమైంది బిడ్డా, గింత పరేషాన్ అయితున్నవ్?" అంది ఎదురుగా కూర్చున్న ముసలి ఖాలా (ఉర్దూలో పిన్ని). కథంతా చెప్పాను. చనిపోయిన తల్లి మళ్ళీ వచ్చి వడ్డిస్తుందని, ఏ కాగితం ఎక్కడ పెట్టాలో తెలియట్లేదని అన్నాను.

"అండ్ల ఫికర్ ఏమున్నది? మా అమ్మీ పోయి ముప్పై ఏండ్లాయె. ఇయ్యాల పొద్దుగాల్ల ఉల్లిగడ్డ గోలిస్తుంటే, 'మాడుతున్నది, మంట తగ్గియ్యి' అన్నది. నేను తగ్గిచ్చిన. పోయినోళ్ళు వరుసతోని వస్తరా? యాదికొస్తే వస్తరు."

నేను కాగితాలు సర్దడం మానేశాను.

క్లాసులో చేతికందిన కాగితం తీసి చదివాను. ఖాలా మాట చెప్పాను. అప్పుడు కొడంగల్ నుంచి వచ్చే అమ్మాయి లేచింది. "మా నాయిన పోయి రెండేండ్లాయె మేడం. బస్సు దిగంగనే సంచి అందుకుంటడని ఇప్పటికీ చెయ్యి చాపుత." ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు అందరూ చెప్పడం మొదలుపెట్టారు. గంట కొట్టినా లేవలేదు. వెనక బెంచీలో మౌనం సార్ కళ్ళద్దాలు తుడుచుకుని, "జర ఇంకో కాగితం చదువున్రి మేడం" అన్నారు!

కొలువు నిలిచింది. సాయంత్రం వికారాబాద్ ప్లాట్‌ఫాం మీద కుస్తీ గెలిచిన పహిల్వాన్‌లా చేతులూపుకుంటూ నడిచాను, ఎవరికీ దారివ్వకుండా. ఆ నవలను నేనే రాసినంత ధీమా! ఇప్పుడు ఈ వయసులో నొప్పి మోకాళ్ళు చూసుకుంటూ అదే స్టేషన్ మెట్లు దిగుతుంటే ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఒక్క పూట అలా నడిస్తే బాగుండు అనిపిస్తుంది.