బొందలగడ్డ మీద సైకిళ్లు

1986 ఫిబ్రవరి 9, ఆదివారం. ఎల్.బి.నగర్ బస్‌స్టాపు. ఉన్నవారు: నేను, మా సైకిల్ జట్టు నాయకుడు మూర్తి, ప్రసాద్, బస్సు కోసం నిలబడ్డ ఒక ముసలాయన.

మేము ముగ్గురం కోస్తా నుంచి వచ్చి కొత్త కాలనీల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లం. గతుకుల దారి సైకిల్ పందెం కోసం మన్సూరాబాద్ అవతల మట్టిదిబ్బల మీద రోజూ సైకిళ్లు దూకించేవాళ్లం. ఆ చోటును అక్కడివాళ్లు బొందలగడ్డ అనేవారు. అదేదో పల్లె పేరనుకున్నాం. ఆ రోజు నా టైరు చిరగడంతో సైకిల్‌ను బస్సు మీద వేయడానికి వచ్చాం.

ముసలాయన నా చక్రం వంక చూసి, "గీ మట్టి యాడిది సారూ?" అని అడిగాడు.

"బొందలగడ్డది" అన్నాను.

ఆయన ముఖం మారిపోయింది. "బొంద అంటే ఏందో ఎరుకేనా? మనిషిని పాతిపెట్టిన జాగ. మా ఇంటామె ఆడనే ఉన్నది. రేపటి సంది అటు పోకుండ్రి, మీ కాళ్లు మొక్కుత."

తర్వాత భుజం మీది తువ్వాల కొసతో చక్రానికంటిన మట్టిని మెల్లగా తుడిచి, ఆ మట్టిని అందులోనే ముడి వేసుకున్నాడు.

"తాతా, ఆ చేత్తోనే మా రెండు సైకిళ్లూ తుడువు, పుణ్యముంటుంది" అన్నాడు మూర్తి. ప్రసాద్ పగలబడి నవ్వాడు. ముసలాయన వచ్చిన బస్సెక్కి వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున్నే మూర్తి మా గేటు ముందు బెల్లు కొట్టాడు.

"రావయ్యా! అక్కడ నిన్న కొత్త దిబ్బ ఒకటి వేశారు. మట్టి ఇంకా మెత్తగా ఉంది, పడ్డా దెబ్బ తగలదు."

గేటు తీయకుండానే లోపలికి వెళ్లిపోయాను.